రెండో పేజీ నుంచి మొదలైన పద్దు

శ్రావణ శుద్ధ విదియ. ఇంకా 43 రోజులు.

పొద్దున్నే మంచినీళ్ళ వడపోత గుడ్డలు ఉప్పు వదిలేలా ఉతుకుతుంటే బాలేశు వచ్చాడు. మా ఏడోలంకలో పంపులు నడిపేది అతనే. నలభై రెండేళ్ళ మనిషి, నాలుగు పంపులకూ నాలుగు పేర్లు పెట్టుకుని పెళ్ళాం పిల్లల్ని పిలిచినట్టు పిలుస్తాడు. పంపుల దగ్గర్నుంచి కదిలే రకం కాదు. అలాంటివాడు గట్టు దిగి నా గుమ్మం దాకా వచ్చాడు. చేతిలో నోటీసు కాగితం ఉంది.

"అత్తా, ఇది నువ్వొకసారి చదువు. నేను తప్పు చదివుంటాను," అన్నాడు.

తప్పేమీ చదవలేదు. ‘ఏడోలంక నివాసానికి రక్షణ గోడ ఉన్నట్టు గత ప్రభుత్వాల ఖర్చులో ఆధారం లేదు. గోడ లేని నివాసాలకు పంపుల కరెంటు ఇవ్వబడదు. భాద్రపద పౌర్ణమి నుంచి సరఫరా నిలిపివేయబడుతుంది. నివాసులకు మెరక శిబిరాల్లో చీటీలు తీసి చోటు కేటాయించబడుతుంది.’

తడి గుడ్డ చేతిలో పట్టుకుని గోడ వైపు చూశాను. మా ఇంటికీ దానికీ ముప్పై అడుగులు. నల్లరాతి గోడ. దాని మీద వలలు ఆరేసి ఉన్నాయి, రెండు కొంగలు కూర్చుని ఉన్నాయి. గోడ లేదట!

నా పేరు నాంచారమ్మ. యాభై ఎనిమిదేళ్ళు. ఈ ఊరికి రికార్డు ప్రతినిధిని. ప్రతి ఊరికీ నాలాంటివాళ్ళు ఒకరుంటారు, ఊరి తరఫున పాత లెక్కలు వెతికి చూపించడానికి. ఎవరికి కరెంటు, ఎవరికి మందులు, ఎవరికి సిమెంటు అన్నది పెద్దపద్దు తేలుస్తుంది. అది మనిషి కాదు, యంత్రం. పూర్వం ప్రభుత్వం దేని మీద ఎంత ఖర్చు పెట్టిందో చూసి, దాన్ని నిలబెట్టడానికి ఎంత కావాలో అంత ఇస్తుంది. సిఫార్సు ఉత్తరాలు చెల్లవు, లంచాలు చెల్లవు. అది వచ్చిన కొత్తలో మేమంతా సంబరపడ్డాం, ఇప్పటికీ ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కాకపోతే ఖర్చు రాసి లేనిది దాని కంటికి ఆనదు. నిరుటి దాకా యాభై ఏళ్ళ లెక్కలే చూసేది, అంతకంటే పాత కట్టడాలను ఉన్నవాటిని ఉన్నట్టు వదిలేసేది. ఈ ఏడు నూట ఇరవై ఏళ్ళ వెనక్కి వెళ్ళింది.

నేను మూడుసార్లు ఊరు మారాను. తొమ్మిదేళ్ళప్పుడు, పందొమ్మిదేళ్ళప్పుడు, ముప్పై నాలుగేళ్ళప్పుడు. రెండోసారి చీటీల్లో మా అమ్మ ఒక శిబిరానికి పడింది, నేనొక శిబిరానికి పడ్డాను. ఆవిడ పోయిన సంగతి నాకు పదకొండు రోజుల తర్వాత తెలిసింది. ఇక్కడ రెండు వందల పద్నాలుగు ఇళ్ళున్నాయి. నాలుగోసారి చీటీ తియ్యను, ఎవరి చేతా తియ్యనివ్వను. ఈ మాట బాలేశుతో పైకే అన్నాను.

శ్రావణ శుద్ధ సప్తమి. ఇంకా 38 రోజులు.

ఐదు రోజులుగా పంచాయతీ గదిలో తెర ముందే కూర్చున్నాను. వడపోత గుడ్డలు పక్కింటి వాళ్ళు ఉతికి పెడుతున్నారు. ప్రెసిడెంటు తిరుమాని సుందరరావు గారు మధ్యమధ్యలో వచ్చి వెనక నిలబడి నిట్టూరుస్తారు. ఆ గోడ కంట్రాక్టరు ఆయన ముత్తాత. పరిచయమైన ప్రతివాడికీ రెండో మాటగా ఆ సంగతి చెప్పడం ఆయనకు అలవాటు.

ఇవాళ దొరికింది. నూట పన్నెండేళ్ళ కిందటి పనుల రిజిస్టరు, 2011-12. ‘ఏడోలంక సముద్రపు గోడ, నల్లరాతి కట్టుబడి.’ ఎదురుగా మొత్తం: 4,812.

"దొరికిందిగా!" అన్నారు సుందరరావు గారు. "మరి లేదంటదేంటమ్మా?"

"నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు రూపాయలండీ. పది వేల లోపు ఖర్చు చిల్లర ఖర్చు. చిల్లర ఖర్చుతో గోడలు లేవవు కాబట్టి అది గోడ కాదు."

"నాలుగు వేలా? ఆ డబ్బుకి మా ముత్తాత టీలు తాగుంటాడు."

అప్పీలు పెట్టాను. గోడ ఫొటోలు పంపాను. పెద్దపద్దు రెండు నిమిషాల్లో జవాబిచ్చింది. ఫొటోలు ఖర్చుకు ఆధారం కావట. పోనీ ఆ తర్వాతి మరమ్మతుల లెక్కలు చూపిద్దామంటే, ప్రభుత్వం ఆ గోడకు మళ్ళీ ఒక్క రూపాయి పెట్టిన జాడ లేదు. ప్రతి ఎండాకాలం రాళ్ళు సర్దుకున్నదీ, సందులు పూడ్చుకున్నదీ ఊరివాళ్ళే. మనం చేసుకున్నది ఏ పద్దులోకీ రాదు. ఒళ్ళు మండిపోయింది.

ఇంత గోడ నాలుగు వేలకు లేవదని చంటిపిల్ల కూడా చెప్తుంది. అంకెలో ఏదో తప్పుంది. అది ఇక్కడ కూర్చుంటే తేలదు.

శ్రావణ శుద్ధ ద్వాదశి. ఇంకా 33 రోజులు.

పడవ మీద రెండు రోజులు, తర్వాత మెట్లు. కొండమీది రికార్డు గిడ్డంగికి మధ్యాహ్నానికి చేరాను. మోకాళ్ళు రెండూ నన్ను తిట్టిపోస్తున్నాయి.

గిడ్డంగి చూసుకునేది దస్తగిరి గారు. డెబ్బై ఏళ్ళుంటాయి. పాత డివిజన్ ఆఫీసుల కాగితాలన్నీ, సముద్రం రాకముందే మోసుకొచ్చినవి, కొండ తొలిచిన గుహల్లో మూటలు కట్టి ఉన్నాయి. ఆయన వాటికి గాలి తగిలేలా, చెద పట్టకుండా చూస్తాడు. అంతకంటే ఎవరూ ఆయన్ని ఏమీ అడగరట.

"పుస్తకం చూడాలా? అసలు పుస్తకమా?" అన్నాడు కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "అమ్మా, యాభై ఏళ్ళ కిందట వీటన్నిటినీ యంత్రాలతో ఫొటోలు తీసేశారు. రూలు ప్రకారం ఇప్పుడు ఆ ఫొటోలే అసలు. ఈ పుస్తకాలు నకళ్ళ కింద లెక్క."

"అంటే పెద్దమనిషి ఫొటో బతికుంటే పెద్దమనిషి చచ్చినట్టేనా?"

"రూలు నేను రాయలేదమ్మా," అని నవ్వాడు. "మూట విప్పాలంటే రాతపూర్వకంగా కారణం ఉండాలి. ఫొటోలో లేనిదేదో పుస్తకంలో ఉందని ముందు చూపించాలి. లేకపోతే నా ఉద్యోగం పోద్ది."

పడుకోడానికి చాప ఇచ్చాడు. చూసుకోవడానికి ఫొటోలన్నీ తెరిచి పెట్టాడు. రేపటి నుంచి మొదలుపెట్టాలి.

శ్రావణ బహుళ విదియ. ఇంకా 28 రోజులు.

ఐదు రోజులుగా ఆ ఏడాది రిజిస్టరు పేజీ పేజీ తిప్పాను. రోడ్లు, కాలవలు, తూములు, బడి ప్రహరీలు. అన్నీ అంతే. తూముకు 310. బడి ప్రహరీకి 96. చివర డివిజన్ మొత్తం ఏడాది ఖర్చు 61,340.

ఇవాళ కళ్ళు నొప్పెట్టి, మార్పు కోసం జీతాల పుస్తకం ఫొటోలు తెరిచాను. జీతాలు అక్షరాల్లో కూడా రాసేవాళ్ళు. అదే డివిజన్ ఇంజనీరుకి ఏప్రిల్ నెల జీతం ‘అక్షరాలా ముప్పై ఎనిమిది వేల నాలుగు వందల యాభై రూపాయలు మాత్రమే’.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నూట నలభై పనులు చేసిన డివిజన్ ఏడాదంతా పెట్టిన ఖర్చు, ఆ ఇంజనీరు రెండు నెలల జీతం కూడా కాదు! ఆ పుస్తకంలో అంకెలు రూపాయలు కావు. వేలు. వేలల్లో రాసుకుని మూడు సున్నాలు మిగుల్చుకున్నారు. గోడకి అయింది నాలుగు వేలు కాదు, నలభై ఎనిమిది లక్షల పన్నెండు వేలు.

"దస్తగిరి గారూ! ఇటు రండి!" అని ఒక్క అరుపు అరిచాను. ఆయన పాపం అన్నం ముద్ద చేతిలో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

పెద్దపద్దుకి ఇదంతా రాసి పంపాను. అది ఒప్పుకోలేదు. ఊహ ఆధారం కాదట. ‘మొత్తాలు ఏ ప్రమాణంలో ఉన్నాయో తెలిపే పేజీని చూపించండి’ అంది. ఆ పేజీ కోసం పుస్తకం మొదటికి వెళ్ళాను. మొదటి ఫొటో మీద పేజీ నంబరు 2.

ఇంకో పుస్తకం ఫొటోలు తెరిచాను. అదీ 2తో మొదలు. ఇంకోటి, ఇంకోటి. మా జిల్లాల ఆఫీసుల పుస్తకాల్లో ఒక్కదానికీ మొదటి పేజీ లేదు. ఫొటోలు తీసిన యంత్రం రాసిపెట్టుకున్న చిట్టా వెతికితే, ప్రతి పుస్తకం దగ్గరా ఒకటే మాట: ‘పేజీ 1, బూజు సోకింది, తిరస్కరణ.’

"మీ గుహల్లో బూజు ఉందా?" అనడిగాను.

ఆయనకు పౌరుషం వచ్చింది. "నా చేతికింద ఒక్క కాగితానికి బూజు పడితే నన్ను అడగండి."

"అయితే ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీకే బూజెలా పట్టింది? రెండో పేజీకి అంటకుండా?"

ఆయన వెళ్ళి మూట విప్పే దరఖాస్తు కాగితం తెచ్చిచ్చాడు. కారణం దగ్గర ‘మొదటి పేజీ చూడాలి’ అని రాసి సంతకం పెట్టాను.

శ్రావణ బహుళ చవితి. ఇంకా 26 రోజులు.

మూట ముడులు విప్పడానికే గంట పట్టింది. అట్ట తెరిచాం.

బూజు కాదు. పసుపు.

నాలుగు మూలలా పసుపు పూసి ఉంది. నూట పన్నెండేళ్ళకి రంగు మట్టిలా తిరిగింది. మధ్యలో కుంకుమ బొట్టు, పైన ‘శ్రీ’. ఏప్రిల్ ఒకటిన కొత్త రిజిస్టరు తెరిచేముందు ఏ గుమాస్తాయో శుభమా అని పసుపు కుంకుమ పెట్టి, అగరొత్తి తిప్పి ఉంటాడు. అగరొత్తి నిప్పు పడి చిన్న చిల్లు కూడా ఉంది. బొట్టు కింద గుండ్రటి అక్షరాలు: ‘గమనిక: ఈ పుస్తకములోని మొత్తములన్నియు వేల రూపాయలలో.’ ఆ ఒక్కసారే రాశాడు. తర్వాత మూడు వందల పేజీల్లో ఎక్కడా మళ్ళీ రాయలేదు.

ఎక్కడో పసుపు ఎరగని చోట తయారైన యంత్రం దాన్ని బూజనుకుంది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. దస్తగిరి గారు ఇంకో ఐదు పుస్తకాలు విప్పారు. ఐదింటికీ పసుపే. ఒకదానికి గంధం కూడా ఉంది. "మనవాళ్ళు భక్తితోనే కొంప ముంచారమ్మా," అన్నాడాయన, మెల్లిగా ఆ పేజీని చేత్తో నిమురుతూ.

ఆయన సాక్ష్యం రాసి ముద్ర వేశాడు. పేజీని ఫొటో తీసి పెద్దపద్దుకి పంపాం. అది ఊరికే ఉండదు, గోడ కొలతలు కూడా అడుగుతుందని, కొలతల పుస్తకం నకలు కూడా కట్టి ఇచ్చాడు. దానిలో ఇంజనీరు పని దగ్గర నిలబడి కొలిచిన ప్రతి ముక్కా వరసగా రాస్తారట. ఆ వరసలు చూసే కంట్రాక్టరుకి బిల్లు ఇస్తారట.

నాకొచ్చిన నోటీసులాంటివి ఇంకో అరవై ఊళ్ళకొచ్చాయని ఆయన దగ్గరే తెలిసింది. ఆ ఊళ్ళ ప్రతినిధులందరికీ రేడియోలో ఒకటే మాట చెప్పాను. ‘మీ పుస్తకం రెండో పేజీ నుంచి మొదలైతే, మొదటి పేజీ విప్పించండి. వదలొద్దు.’

శ్రావణ బహుళ అష్టమి. ఇంకా 22 రోజులు.

ఇంటికి చేరేసరికి జవాబు నా కంటే ముందే వచ్చి ఉంది. నలభై ఎనిమిది లక్షల పన్నెండు వేలు ఒప్పుకుంది. జనం కేకలేశారు. సుందరరావు గారు బెల్లం పంచారు. అందరూ వెళ్ళాక నేను కింది భాగం చదివాను.

‘కొలతల పుస్తకం ప్రకారం గోడ పొడవు 410 మీటర్లు. భాద్రపద శుద్ధ షష్ఠి నాడు తనిఖీ అధికారి వచ్చి కొలుస్తారు. ఒక మీటరుకు మించి తేడా ఉంటే పద్దు కొట్టివేయబడుతుంది.’

కొలవడం ఎంతసేపు, మనమే ముందు చూసుకుందామని బాలేశుని పిలిచి టేపు పట్టించాను. పడమటి కొస నుంచి మొదలుపెట్టాం. తూర్పు కొసకి వచ్చేసరికి బాలేశు టేపు చూసి, నన్ను చూసి, మళ్ళీ టేపు చూశాడు.

"మూడు వందల డెబ్బై అత్తా."

మళ్ళీ కొలిచాం. మూడు వందల డెబ్బై. గోడ అక్కడితో ఆగుతుంది. అవతల నలభై మీటర్లు బురద, ఆ తర్వాత దిబ్బ. పోటు నీళ్ళు ఊళ్ళోకి వచ్చేది ఆ బురదలోంచే. బాలేశు పంపులు రాత్రింబవళ్ళు తోడిపోసేది ఆ నీళ్ళనే. గోడ అంతవరకే కట్టాలనుకున్నారేమో, ప్రభుత్వానికి డబ్బు చాల్లేదేమో అని మేం ఇన్నేళ్ళూ అనుకున్నాం.

అక్కడే బురదలో నిలబడి కొలతల పుస్తకం నకలు తెరిచాను. పది మీటర్లకొక వరస. నలభై ఒక్క వరసలు. మొదటి ముప్పై ఏడు వరసల్లో పునాది లోతు ఒక్కోచోట ఒక్కోలా ఉంది, 1.15, 1.32, 0.98. చివరి నాలుగు వరసలూ అచ్చు గుద్దినట్టు 1.20. ఆ నాలుగూ ఆ ఇంజనీరు కొలవలేదు. కూర్చున్న చోట కూర్చుని రాసేశాడు. కింద అతని సంతకం, పక్కన కంట్రాక్టరు సంతకం. తిరుమాని వీరభద్రయ్య. సుందరరావు గారి ముత్తాత.

నలభై మీటర్ల గోడ తినేశారు. మా అందరి చెప్పుల కింది తడి, మంచాల కింద ఇటుకలు, పిల్లల కాళ్ళ పుళ్ళు, అన్నీ ఆ నాలుగు వరసలే.

"ఇప్పుడేం చేద్దాం అత్తా?" అన్నాడు బాలేశు.

"రేపు చెప్తాను," అన్నాను. అప్పటికి నాకూ తెలీదు.

శ్రావణ బహుళ నవమి. ఇంకా 21 రోజులు.

ఊరంతా చేరకముందే సుందరరావు గారి ఇంటికి వెళ్ళి పుస్తకం చూపించాను. అంతమందిలో ఒక్కసారిగా తెలియడం ఆయనకు అన్యాయం. ఆయన చదివి పుస్తకం మూసేశారు.

"ఇది ఎవరికీ చూపించకమ్మా," అన్నారు. "తుపానులో కొట్టుకుపోయిందని రాద్దాం."

"కొట్టుకుపోతే కింద పునాది ఉండాలి కదండీ. తవ్వి చూస్తే ఏముంటుంది? నేను దాచినా తనిఖీకి వచ్చేవాడి టేపు దాచదు."

"నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మీరు తినలేదు. మీరూ నాలాగే ఆ నీళ్ళలో నడుస్తున్నారు."

మీటింగులో నలభై ఒక్క వరసలూ చదివాను. కంట్రాక్టరు పేరు చదవబోయేముందు ఒక్క క్షణం ఆగాను. ఆయనే లేచి నిలబడ్డారు.

"సంతకం మా ముత్తాతది," అన్నారు. "మా ఇంటి పునాదీ అరుగులూ కూడా నల్లరాయే. ఈ చుట్టుపక్కల ఆ రాయి ఇంకే ఇంటికీ లేదు. ఎక్కడిదని నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సింది."

వెనక నుంచి ఒకావిడ, "మా అత్తగారు మెట్టు మీద జారిపడి చనిపోయింది, ఆ నీళ్ళలోనే," అని నెమ్మదిగా అంది. ఆయన తల వంచుకున్నారు.

అప్పుడు నేను చెప్పాను. నేను మాట్లాడటంలో మెత్తటి మనిషిని కాను. "బిల్లు ఎప్పుడో అయిపోయింది. పని మిగిలింది. నలభై మీటర్లు. ఇవాళ నవమి, పోటు తక్కువగా ఉంది. రెండు వందల పద్నాలుగు ఇళ్ళు. ఇంటికి ఒక జానెడు గోడ. మనం కడదాం."

"మన చేతుల్తో కట్టింది పద్దులోకి రాదన్నావుగా అత్తా," అన్నాడు బాలేశు.

"కొత్తది రాదు. ఇది పాతది. పుస్తకంలో ఎప్పుడో రాసేశారు. మనం దాన్ని నిజం చేస్తాం, అంతే."

మధ్యాహ్నానికి సుందరరావు గారు తన ఇంటి అరుగు మొదటి రాయి గునపంతో తనే పెకలించారు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి చూసింది. కాసేపటికి తనూ తట్ట పట్టుకుంది.

శ్రావణ అమావాస్య. ఇంకా 15 రోజులు.

తూర్పు వైపు పునాది లేచింది. సుందరరావు గారి ఇంటి రాయి సగానికి వచ్చింది. మిగతాది కూలిపోయిన తుపాను షెల్టరు నుంచి పడవల్లో మోశాం. సున్నానికి ఊళ్ళో ఉన్న గవ్వా ఆల్చిప్పా అన్నీ కాల్చాం. సిమెంటు అడిగితే పెద్దపద్దు ఎందుకని అడుగుతుంది కాబట్టి అడగలేదు. నా పని కొలత. తాడు పట్టుకుని ప్రతి పది మీటర్లకూ పునాదిలోకి దిగి లోతు చూస్తున్నాను. ఒకాయన విసుక్కున్నాడు.

"ఇంత లోతు ఎందుకమ్మా, ఎవరు చూస్తారు?"

"ఆ ఇంజనీరూ అదే అనుకున్నాడు," అన్నాను. మళ్ళీ తవ్వాడు.

ఇవాళ అమావాస్య పోటు వచ్చింది. సున్నం ఇంకా పట్టని చోట తొమ్మిది మీటర్లు మా కళ్ళముందే జారిపోయింది. ఐదు రోజుల పని. సుందరరావు గారు గట్టు మీద చతికిలబడిపోయారు. నాకు కూడా ఒక్క నిమిషం చీటీల డబ్బా కళ్ళముందు ఆడింది. పోటు తగ్గి పాటు తియ్యగానే బాలేశు నడుం లోతు నీళ్ళలోకి దిగి, జారిన రాళ్ళు కాళ్ళతో వెతికి పైకి అందించడం మొదలుపెట్టాడు. వాడి వెనక ఇంకో పది మంది దిగారు. చీకటి పడేలోగా ఒక్క రాయి కూడా సముద్రానికి వదల్లేదు.

భాద్రపద శుద్ధ షష్ఠి. ఇంకా 9 రోజులు.

వినాయక చవితి గోడ మీదే చేశాం. పూజ చేసిన చేతులు కడుక్కోకుండానే మళ్ళీ రాళ్ళెత్తారు. నిన్న సాయంత్రం ఆఖరి రాయి పడింది.

ఇవాళ తనిఖీ అధికారి వచ్చాడు. ఎలీషా గారట, యాభై దాటిన మనిషి, ఎండకు మాడి ఉన్నాడు. మర్యాదస్తుడు. మజ్జిగ ఇస్తే తాగి, టేపు తీశాడు. బాలేశు ఒక కొస పట్టుకున్నాడు. ఊరంతా వెనకే నడిచింది.

మూడు వందల డెబ్బై దగ్గర ఆయన ఆగాడు. అక్కడి నుంచి సున్నం తెల్లగా మెరుస్తోంది. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. వేలితో గీకి చూశాడు. ఇంకా కొంచెం పచ్చిగానే ఉంది.

"ఇది ఎప్పటిదమ్మా?" అన్నాడు నా వైపు తిరిగి.

సుందరరావు గారు నా చెయ్యి పట్టుకున్నారు. నేను విడిపించుకున్నాను. ఇన్నాళ్ళూ ఒక అబద్ధపు వరస మమ్మల్ని ముంచింది, ఇప్పుడు నేనూ ఒకటి రాయదలుచుకోలేదు.

"నలభై మీటర్లు ఈ పదకొండు రోజుల్లో కట్టామండీ. నూట పన్నెండేళ్ళ కిందట వీటికి బిల్లు చెల్లించారు, కట్టలేదు. ఇదిగో కొలతల పుస్తకం, చివరి నాలుగు వరసలు చూడండి. లోతు 1.20 అని రాశారు. మేం 1.20 తవ్వాం. కావాలంటే ఎక్కడైనా తవ్వి చూసుకోండి."

ఆయన పుస్తకం తీసుకుని ఆ వరసలు చదివాడు. నా మొహం చూశాడు. ఒక చోట తవ్వమన్నాడు. మేం తవ్వితే ఆయనే మోకాళ్ళ మీద వంగి కొలిచాడు. 1.21.

తన ఫారం తెరిచాడు.

"ఇందులో రెండే గడులున్నాయి," అన్నాడు. "రికార్డు ప్రకారం పొడవు. నేల మీద పొడవు. ఎప్పుడు కట్టారు అనే గడి లేదు." రెండింట్లోనూ 410 అని రాశాడు. పడవ ఎక్కేముందు ఆగి, "నేను ఇప్పటికి పందొమ్మిది ఊళ్ళు కొలిచాను," అన్నాడు. "పొడవు తగ్గని గోడ ఇదొక్కటే."

ఆ మాట ఇంకా నా చెవుల్లో ఉంది. పొద్దుపోకముందే ఆయన కొలిచిన మిగతా ఊళ్ళ ప్రతినిధులకీ రేడియోలో చెప్పాను, కొలతల పుస్తకంలో చివరి వరసలు చూసుకోమని. అధికారి రాకముందే టేపు పట్టినవాళ్ళు బాగుపడతారని మిగతావాళ్ళకీ చెప్పాను.

భాద్రపద పౌర్ణమి.

కరెంటు కొనసాగిస్తున్నట్టు మొన్ననే ఉత్తర్వు వచ్చింది. దాన్ని పంచాయతీ గదికి అంటించాను. అయినా పొద్దున పెద్దపోటు వేళకి ఊళ్ళో ఒక్కరూ ఇంట్లో లేరు. అందరం గోడ పక్కనే.

నీళ్ళు లేచాయి. పై వరసకి మూరెడు కింద దాకా వచ్చాయి. తూర్పు వైపు పాత గోడా కొత్త గోడా కలిసే చోట సన్నగా చెమ్మ కారింది. సుందరరావు గారు తన పైపంచె తీసి ఆ సందులో కుక్కి, దానికి వీపు ఆనించి నిలబడ్డారు. గంటన్నర అలాగే నిలబడ్డారు. ఎవరు రమ్మన్నా రాలేదు. ఆవిడే, మీటింగులో అత్తగారి సంగతి చెప్పినావిడ, మంచినీళ్ళ చెంబు తెచ్చి ఆయనకిచ్చింది.

ఎండ ఎక్కేసరికి పాటు తీసింది. గోడ అంతా ఉంది. అప్పుడు గట్టు మీద నుంచి బాలేశు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఒగురుస్తున్నాడు.

"అత్తా, పంపులు ఆగిపోయినయ్. నాలుగూ."

"కరెంటు తీసేశారా? ఉత్తర్వు వచ్చింది కదరా!"

"కరెంటు ఉంది," అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వాడికే తెలియడం లేదు. "నేనే ఆపాను అత్తా. తోడటానికి నీళ్ళు లేవు."